సెట్, రా, ఐసిస్: ఈజిప్టు దేవుళ్ళ సినిమాకు తెలుగు మాటలు రాసిన కేసు

డబ్బింగ్ సినిమాలకు తెలుగు మాటలు రాయడం నా పని, ఎక్కువగా ఇంగ్లీషు నుంచి. ఇన్నేళ్ళలో ఒకే సినిమాకి మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు మాటలు రాయాల్సి వచ్చింది ఈ ఒక్కదానికే. ఆ మూడోసారి తెలుసుకున్నవి ఇప్పటికీ ప్రతి సినిమాకీ వాడుతున్నాను, అందుకే వివరంగా రాసి పెడుతున్నాను. సినిమా పేరు, సంస్థ, ఏ ఏడాది అన్నవి చెప్పను. సన్నివేశాలు కూడా గుర్తుపట్టకుండా అక్కడక్కడా మార్చాను. ఏ మాట ఎందుకు పెట్టాం, ఎందుకు తీసేశాం అన్న దగ్గర మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

అది ఈజిప్టు పురాణం మీద తీసిన ఫాంటసీ యాక్షన్ సినిమా, సరదాగా సాగిపోతుంది. అన్నను చంపి సింహాసనం ఎక్కిన తమ్ముడు సెట్, చనిపోయిన అన్న ఒసిరిస్, ఆయన కొడుకు డేగ రూపం ఉన్న హోరస్, ఆ గొడవలో హోరస్ పోగొట్టుకున్న కన్ను, ఆ కన్ను వెతకడానికి అతనితో బయల్దేరిన ఒక మామూలు దొంగ కుర్రాడు. ఎడారి, రెక్కలు, పెద్ద పెద్ద పాములు, మధ్యలో బోలెడన్ని నవ్వులు.

మాకు ఇచ్చిన సూచన ఒకటే లైను: కామెడీ తగ్గకూడదు, దేవుళ్ళ గాంభీర్యమూ తగ్గకూడదు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ తెలుగులో ఈ రెంటికీ రెండు వేరు వేరు భాషలున్నాయి, రెండూ చెవికి బాగా అలవాటైనవే. దేవుడు నోరు తెరిస్తే "ఓయీ, ఎంత సాహసము!" అనాలి, కమెడియన్ నోరు తెరిస్తే వీధి భాష రావాలి. పౌరాణికాలు చూసి పెరిగిన మన చెవులు అలా తయారయ్యాయి. ఇంగ్లీషు ఒరిజినల్లో మాత్రం దేవుడూ దొంగా ఇద్దరూ ఇంచుమించు ఒకే భాష మాట్లాడతారు. ఎక్కడ ఏ తెలుగు వాడాలో ఒరిజినల్ చెప్పదు, మనమే తేల్చుకోవాలి. అసలు చిక్కు అదేనని నాకు అర్థమయ్యేసరికి రెండు వెర్షన్లు చెత్తబుట్టలోకి పోయాయి.

ముందు పేర్లే అడ్డం పడ్డాయి

మొదటి రీలు చదువుతుండగానే పక్కన కూర్చున్న అసిస్టెంట్ కుర్రాడు నవ్వాడు. నేను చదివిన లైను "సెట్ వచ్చాడు." మనకి సెట్ అంటే సినిమా సెట్టు, లేదంటే "అంతా సెట్ అయిపోయింది". అన్నను చంపబోయే విలన్ అడుగు పెడుతుంటే ఆ పేరు వినగానే నవ్వొస్తే సినిమా అక్కడే పోయింది.

అది చిన్నది, అసలు ముల్లు సూర్యదేవుడు. ఆయన పేరు రా. "రా వస్తున్నాడు", "రా, నన్ను కాపాడు", "రా ఎక్కడున్నాడు?" ఇవి తెలుగులో పైకి చదివి చూడండి. పిలుపు అనుకుంటారు, లేదా ఎవర్నో ఒరేయ్ అంటున్నారనుకుంటారు. కొన్ని పుస్తకాల్లో ఈ దేవుడి పేరు "రే" అని కూడా రాస్తారు. తెలుగుకి అది ఇంకా అన్యాయం. గుడి ముందు జనమంతా చేతులెత్తి దేవుడి పేరు అరిచే సీను ఒకటుంది. తెలుగులో అది వీధిలో ఎవడో ఎవడినో కొట్లాటకి పిలుస్తున్నట్టు "రా! రా!" అని వినపడింది.

మూడోది హోరస్ తల్లి. ఇంగ్లీషు వాళ్ళు ఐసిస్ అంటారు. భర్త శవం ముక్కలు ఏరుకుంటూ దేశమంతా తిరిగిన ఇల్లాలు ఆవిడ. పేరు వినగానే మన వాళ్ళకి టీవీ న్యూస్‌లో ఉగ్రవాదుల సంస్థ గుర్తొస్తుంది. ఇందులో నవ్వేమీ లేదు, ఆ తల్లి మీద జాలి కలగాల్సిన చోట చెవి ఇంకెక్కడికో వెళ్ళిపోతుంది.

ఇక్కడ నాకు ధైర్యం ఇచ్చిన విషయం ఒకటుంది. మనం "అసలు పేర్లు" అనుకుంటున్న ఒసిరిస్, ఐసిస్, హోరస్ అన్నవి ఈజిప్టు పేర్లే కావు, గ్రీకుల నోట్లో నలిగిన రూపాలు. ఈజిప్టు లిపిలో అచ్చులు రాసేవారు కాదు. 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోల్యోన్ ఆ లిపిని ఛేదించాక కూడా హల్లులే మన చేతికొచ్చాయి, మధ్యలో అచ్చులు పండితులు ఊహించి పెట్టుకున్నవే. ఐసిస్‌ని అసెత్ అనీ, హోరస్‌ని హెరు అనీ, సెట్‌ని సుతెఖ్ అనీ కూడా రాస్తారు. కాబట్టి తెలుగు చెవికి తగ్గట్టు పలుకు కొంచెం జరిపితే పురాణానికి ద్రోహమేమీ లేదు.

సెట్‌ని "సేత్" చేశాం. దీర్ఘం ఒక్కటి పెరిగింది, పెదవి కదలిక మారలేదు, నవ్వు పోయింది. ఐసిస్ "ఈసిస్" అయింది. ఇంగ్లీషు పలుకులో నోరు పెద్దగా తెరుచుకుంటుంది, "ఈ" దగ్గర అంత తెరుచుకోదు, అందుకని క్లోజప్‌లో పేరు తీసేసి "అమ్మా" అనో "తల్లీ" అనో సర్దాను. రా విషయంలో కొన్నాళ్ళు కొట్టుకున్నాం. చివరికి పేరు ఒంటరిగా ఎప్పుడూ రాకూడదని పెట్టుకున్నాం. పరిచయంలో ఒకసారి "సూర్యదేవుడు రా" అని చెప్పి, ఆ తర్వాత పిలిచినప్పుడల్లా "సూర్యదేవా", మూడో మనిషిగా చెప్పినప్పుడు "సూర్యదేవుడు". గుడి సీనులో కెమెరా దూరంగా ఉంది, పెదవులు కనపడవు, ఎనిమిది మంది క్రౌడ్ ఆర్టిస్టులతో "సూర్యదేవా!" అని అరిపించి ప్యాచ్ వేశాం.

మొదటి రాత: దేవుళ్ళందరికీ గ్రాంథికం

మొదటిసారి నేను చేసిన ఆలోచన ఇది. దేవుళ్ళ సినిమా కదా, మన ప్రేక్షకుడికి దేవుళ్ళ భాష తెలుసు, అదే ఇద్దాం, దొంగ కుర్రాడు ఒక్కడికి వాడుక భాష ఇద్దాం, ఇద్దరి మధ్య తేడాలోంచే నవ్వు పుడుతుంది. కాగితం మీద బాగానే కనిపించింది. ఇంకో అడుగు ముందుకేసి అనుబిస్‌ని యముడనీ, రాతలు రాసే థోత్‌ని చిత్రగుప్తుడనీ కూడా రాసేశాను.

పైలట్ ట్రాక్ చేసి తొమ్మిది మందికి చూపించాం. ఆఫీసు వాళ్ళు, ఇద్దరు డ్రైవర్లు, మా కోఆర్డినేటర్ వాళ్ళమ్మగారు, కాలేజీ పిల్లలు ముగ్గురు. ఇరవై నిమిషాలకే తేలిపోయింది. ఫైట్ మధ్యలో దేవుడు "నీ దురాగతములకు నేటితో భరతవాక్యము పలికెదను" అనేసరికి స్క్రీన్ మీద దెబ్బ పడిపోయి, అవతలివాడు లేచి నిలబడి కూడా అయిపోయింది. ఇంగ్లీషులో అది మూడు పొట్టి మాటల లైను. తెలుగు వాక్యం మామూలుగానే పొడుగు, గ్రాంథికంలో ఇంకా సాగుతుంది. ఇరికించడానికి ఆర్టిస్టులు పరుగెత్తించి చదివారు, పరుగెత్తే గ్రాంథికంలో ఇంక గాంభీర్యం ఎక్కడిది?

యముడి సంగతి కోఆర్డినేటర్ వాళ్ళమ్మగారు సూటిగా అడిగారు: "యముడంటున్నారు, నక్క తలకాయ ఉందేంటమ్మా? దున్నపోతేది?" ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు. యముడి పేరు పెట్టామంటే దున్నపోతు, పాశం, యమలోకం సభ, ఇన్నేళ్ళుగా మన సినిమాల్లో యముడి మీద వచ్చిన కామెడీ, అన్నీ ఆ పేరుతో పాటే వచ్చేస్తాయి. పైగా పని కూడా ఒకటి కాదు. అనుబిస్ శిక్షలు వేయడు. శవానికి లేపనాలు పూసి, బట్ట చుట్టి, పోయినవాడిని త్రాసు దాకా చేయి పట్టుకుని తీసుకెళ్ళే దేవుడు. చనిపోయినవాళ్ళ రాజు ఒసిరిస్. వేరే జాతి దేవుడిని మన దేవుడి పేరుతో పిలిస్తే ప్రేక్షకుడికి దగ్గరవుతాడనుకున్నాను, తీరా చూస్తే ఆ నక్క తల దేవుడికున్న సొంత అందం పోయింది. ఈ పేర్లన్నీ తీసేశాను. వాళ్ళ దేవుళ్ళు వాళ్ళ పేర్లతోనే ఉండాలి.

రెండో రాత: అందరికీ పంచ్‌లు

మొదటిది విఫలమయ్యాక పైనుంచి ఒత్తిడి వచ్చింది, కామెడీ పెంచమని. పెంచాం. దేవుళ్ళ నోట్లో కూడా ఇప్పటి మాటలు పెట్టాం, టెన్షన్, కటింగ్, బిల్డప్, హిట్ సినిమాల డైలాగులకి పేరడీలు, విలన్‌కి ఒక జిల్లా యాస. ఆ యాస విషయంలో నాకు ఇప్పటికీ బాధ ఉంది. విలన్ అంటే ఒక ప్రాంతం యాస, కమెడియన్ అంటే ఇంకో ప్రాంతం యాస అన్న పాత అలవాటు మన డబ్బింగులో ఉంది, ఆ రెండు వారాలు నేనూ దానికి లొంగిపోయాను. ఎవరి ఇంటి భాషనీ అలా గుర్తుగా వాడకూడదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ వాడలేదు.

ట్రయల్‌లో నవ్వులు బాగా పడ్డాయి. మొదటి అరగంట మా వాళ్ళంతా సంబరపడ్డారు. తర్వాత అన్నను తమ్ముడు చంపే సీను వచ్చింది, కాలేజీ పిల్లలు అక్కడ కూడా నవ్వారు. నవ్వించడానికి అక్కడ మేమేమీ రాయలేదు. ముందు నుంచీ ఆ విలన్ గొంతు ఎత్తితే నవ్వడం అలవాటు చేశాం కాబట్టి నవ్వారు. ఆ సీను దెబ్బతింటే మిగతా కథకి కాళ్ళుండవు. తండ్రి చావు మనకి తగలకపోతే కొడుకు కన్ను కోసం ఎడారి దాటితే ఎంత, దాటకపోతే ఎంత.

ఆ రాత్రి ఇంటికెళ్ళి ఒక ప్రశ్న రాసుకున్నాను: ఒరిజినల్లో కూడా జోకులున్నాయి కదా, మరి అక్కడ ఆ చావు ఎందుకు తగిలింది? మళ్ళీ ఇంగ్లీషు చూశాను, ఒక్క జోకులు మాత్రమే గీత గీసుకుంటూ. దేవుళ్ళు ఒక్కచోట కూడా నవ్వించడానికి మాట్లాడటం లేదు. వాళ్ళకి వచ్చిన కష్టం, వాళ్ళ పంతం, వాళ్ళ గొప్పలు, వీటివల్ల మనకి నవ్వొస్తోంది. వాళ్ళకి మాత్రం అవన్నీ నిజంగానే పెద్ద విషయాలు.

ఈజిప్టు వాళ్ళు తమ దేవుళ్ళని చూసి ఎలా నవ్వుకున్నారు

అప్పుడు పురాణంలోకే వెళ్ళాను. ఇది ముందే చేసి ఉంటే నెల రోజులు మిగిలేవి.

క్రీ.పూ. 12వ శతాబ్దంలో, ఐదో రామ్సెస్ రాజు కాలంలో రాసిన ఒక పాపిరస్, అంటే రెల్లు కాగితం చుట్ట, ఉంది, ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంటుంది. హోరస్, సేత్ సింహాసనం కోసం దేవతల సభలో వేసిన దావా అందులో కథ. ఆ కేసు ఎనభై ఏళ్ళుగా తెమలదు. మన కోర్టు వాయిదాలు తెలిసిన ఎవరికైనా అక్కడే మనసు కలుస్తుంది. సూర్యదేవుడు ఒకసారి అలిగి వెళ్ళి వెల్లకిలా పడుకుంటాడు, కూతురు హథోర్ వచ్చి నవ్విస్తే గానీ లేవడు. ఇద్దరూ నీటిగుర్రాలుగా మారి మూడు నెలలు నీళ్ళలో మునిగి ఉండాలని పందెం వేసుకుంటారు. ఇంకోసారి రాతి పడవల పందెం. హోరస్ కర్ర పడవ చేసి పైన సున్నం మెత్తుతాడు, చూడటానికి రాయిలాగే ఉంటుంది. సేత్ అది చూసి నమ్మి, నిజంగానే కొండ శిఖరం నరికి రాతి పడవ చేసుకుని నీళ్ళలోకి దింపుతాడు. మునిగిపోతుంది.

నన్ను పూర్తిగా మార్చింది మాత్రం ఈసిస్ పన్నిన ఎత్తు. ఆవిడ అందమైన ఆడమనిషి రూపంలో సేత్ ఎదుటకు వచ్చి, నేను పశువుల కాపరి భార్యని, భర్త పోయాడు, కొడుకు పశువులు కాసుకుంటుంటే ఎవడో పరాయివాడు వచ్చి వాటిని లాక్కుని నా కొడుకుని తరిమేస్తానంటున్నాడు, అని ఏడుస్తుంది. సేత్‌కి జాలి, కోపం రెండూ పొంగుకొస్తాయి. కన్నకొడుకు బతికుండగా పశువులు పరాయివాడికి ఎలా ఇస్తారు అంటాడు. ఆవిడ వెంటనే గద్దగా మారి తుమ్మచెట్టెక్కి కూర్చుని, నీ తీర్పు నువ్వే చెప్పుకున్నావు పో అంటుంది. ఎందుకంటే ఈజిప్టు భాషలో పశువులకీ పదవికీ వినపడే మాట ఒకటే. మూడు వేల ఏళ్ళ కిందటి శ్లేష! మన "పాడి" గుర్తొచ్చింది నాకు, పాలిచ్చే పాడి, న్యాయం అనే అర్థంలో పాడి. "కొడుకు ఉండగా ఆ పాడి పరాయివాడికి పోవడం పాడేనా?" అని రాసుకుని చాలాసేపు చూసుకున్నాను. ఆ సీను మా సినిమాలో లేదు కాబట్టి వాడుకునే వీలు లేదు. ఇలాంటిది దొరికినప్పుడు కలిగే సంతోషం ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది.

ఆ కథలో సేత్ ఒక్క జోకు కూడా వెయ్యడు. నిజంగా జాలిపడ్డాడు, నిజంగా కోప్పడ్డాడు, అందుకే దొరికిపోయాడు. నవ్వు మనది.

ఎడ్ఫు గుడి సంగతి కూడా అప్పుడే చదివాను. క్రీ.పూ. 237లో కట్టడం మొదలుపెట్టి 57లో పూర్తిచేసిన హోరస్ గుడి అది. గోడల మీద హోరస్ బల్లెంతో నీటిగుర్రాన్ని పొడుస్తున్న బొమ్మలుంటాయి, ఆ నీటిగుర్రమే సేత్. పొడిచే బొమ్మల్లో చాలాచోట్ల దాన్ని చాలా చిన్నదిగా చెక్కారు. పండగలో ఆ కథ ఆడి, చివర్లో నీటిగుర్రం ఆకారంలో చేసిన రొట్టెని కోసేవారట. భక్తీ ఆటా ఒకే గుడిలో, ఒకే రోజు. సరదా అన్నది ఈ పురాణానికి హాలీవుడ్ తగిలించింది కాదని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇంకో జ్ఞాపకం కూడా పనికొచ్చింది. చిన్నప్పుడు మా ఊళ్ళో తోలుబొమ్మలాట చూసేవాళ్ళం. రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడు, బంగారక్క ఊడిపడి ఊరి సంగతులు మాట్లాడి తన్నుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కేతిగాడు ఎంత అల్లరి చేసినా రాముడి గొంతు మారేది కాదు. మేం కడుపుబ్బ నవ్వి, మళ్ళీ బాణం పడగానే నోరు మూసుకుని చూసేవాళ్ళం. పాపిరస్సూ తోలుబొమ్మా నాకు ఒకే మాట చెప్పాయి: దేవుడి పక్కన నవ్వు పెట్టు, దేవుడి నోట్లో పెట్టకు.

మూడో రాత

ఈసారి దేవుళ్ళకి గ్రాంథికం లేదు, ఇంగ్లీషు మాటలూ లేవు. పొట్టి వాక్యాలు, మామూలు తెలుగు, కానీ వాక్యం పూర్తిగా ఉండాలి, తునకలు కాకూడదు. "నీ దురాగతములకు" లైను "ఇక చాలు, సేత్" అయింది. దొంగ కుర్రాడికి వాడుక భాష, అందులోనూ ఇంగ్లీషు మాటలు వద్దనుకున్నాం. మా అసిస్టెంట్ ఒప్పుకోలేదు, కుర్రాళ్ళు అలా మాట్లాడరన్నాడు. నా వాదన ఏంటంటే, వాడు "టెన్షన్ పడకు" అన్న క్షణంలో హైదరాబాదులోకి వచ్చేస్తాడు, "కంగారు పడకు స్వామీ, పడితే ఇద్దరం పడతాం" అంటే నైలు ఒడ్డునే ఉంటాడు, నవ్వూ తగ్గదు. రెండూ రికార్డు చేసి వినిపించాను. అప్పుడు ఒప్పుకున్నాడు.

గ్రాంథికం ఒక్కరికే మిగిల్చాను, థోత్‌కి. రాత కనిపెట్టిన దేవుడు, లెక్కలు, నియమాలు ఆయన సొత్తు. "ప్రశ్న సరిగా అడుగుము. సగము ప్రశ్నకు సగము జవాబే లభించును" అంటాడు, ఎంతో శ్రద్ధగా. దొంగ "ఆ సగమే ఇప్పించండి స్వామీ, మిగతాది దార్లో ఏరుకుంటాం" అంటాడు. ట్రయల్‌లో అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే పడింది.

పెదవుల సంగతి కొంచెం చెప్పాలి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరిచి ఉంటుంది. ఇంగ్లీషు లైను చివర్లో పెదవులు మూసుకుంటే మన లైను తేలిపోతుంది. అలాంటి చోట్ల వాక్యం తిప్పి ధర్మం, పాపం, ప్రాణం లాంటి సున్నాతో ముగిసే మాట చివరికి తెచ్చాను. "ప్రాణం పోయినా సరే" అనకుండా "పోతే పోనీ ప్రాణం" అన్నమాట. క్రియ ముందుకొచ్చేసరికి లైనుకి ఊపు కూడా వచ్చింది.

త్రాసు సీను చాలా రోజులు తినేసింది. చనిపోయినవాడి గుండెని త్రాసులో పెట్టి, రెండో తట్టలో మాత్ అనే దేవత ఈకని పెట్టి తూస్తారు. మాత్ అంటే సత్యం, న్యాయం, లోకం నడిచే పద్ధతి, అన్నీ కలిపి మనకున్న ఒక్క మాట ధర్మం. గుండె బరువుగా ఉంటే పక్కనే అమ్మిత్ కాచుకుని ఉంటుంది, మొసలి తల, సింహం ముందు భాగం, నీటిగుర్రం వెనక భాగం, తినేస్తుంది. నేను మొదట "నీ గుండె బరువెక్కిందేమో చూస్తారు" అని రాశాను. సహజమైన తెలుగే, కానీ ఇక్కడ తప్పు. మనకి గుండె బరువెక్కడం అంటే దుఃఖం. ఆ సీనులో త్రాసు ముందు నిలబడ్డ అమ్మాయి దుఃఖంతోనే ఉంది. అంటే ఏడ్చినందుకు మొసలి తింటుందా? "గుండెలో దాచిన పాపం ఎంతో ఈ ఈక చెబుతుంది" అని మార్చాను. పాపం బరువన్నది మనకి చెప్పక్కర్లేదు. చివర సున్నా కావాలంటే లైను ఇంకోలా తిప్పాలి, కానీ అక్కడ మొహం నీడలో ఉంది, అందుకని అర్థానికే ఓటేశాను.

తులాభారం అనే మాట పెట్టమని ఒకరన్నారు. తులసిదళం, ఈక, పోలిక చాలా అందంగా ఉంది, నిజమే. కానీ ఆ మాట వింటే సత్యభామ వచ్చి కూర్చుంటుంది. కన్నప్ప విషయంలో కూడా ఇలాగే ఆగాను. పాత పిరమిడ్ల గోడల మీది మంత్రాల్లో హోరస్ తన కన్ను తండ్రికి ఇస్తాడు, చనిపోయిన తండ్రి దానివల్ల మళ్ళీ శక్తి పుంజుకుంటాడు. కన్ను ఇచ్చేవాడి కథ మనకి శ్రీకాళహస్తి నుంచి తెలుసు. కన్నప్ప పేరెత్తకుండా "తీసుకో నాన్నా, నాకు ఒకటి ఉంది" అని మాత్రం రాశాను. డ్రైవర్లలో ఒకాయన సీను అయిపోయాక తనంతట తనే "కన్నప్ప" అన్నాడు. ఆయనకి తోచనివ్వడమే మంచిదైంది.

వరసలు

ఇంగ్లీషులో లేనిదీ మనకి ఉన్నదీ వరస. హోరస్‌కి సేత్ ఏమవుతాడు? తండ్రి తమ్ముడు. కానీ పురాణంలో ఒసిరిస్, ఈసిస్, సేత్, నెఫ్తిస్ నలుగురూ గెబ్, నూత్‌ల పిల్లలే, అన్నాచెల్లెళ్ళే దంపతులు. అంటే తల్లి వైపు నుంచి సేత్ మేనమామ కూడా. మేనల్లుడి చేతిలో చచ్చే మేనమామ అనగానే మనకి కంసుడు కనపడతాడు, ఆ బలం వాడుకోవాలని చాలా ఆశపడ్డాను. సినిమాలో ఆ చుట్టరికం ఎక్కడా చెప్పలేదు, చెప్పకుండా "మామా" అంటే ప్రేక్షకుడు లెక్కలేసుకుంటూ కూర్చుంటాడు. వదిలేశాను. "బాబాయ్" అంటే చనువు ఎక్కువ, పైగా పెదవులు రెండుసార్లు కలుస్తాయి, ఇంగ్లీషు మొహంలో ఒక్కసారీ కలవవు. "పినతండ్రీ" మళ్ళీ నాటకం. "చిన్నాన్నా" దగ్గర పెదవులు కలవనే కలవవు, చనువూ ఉంది, చనువు వల్ల వచ్చే గాయమూ ఉంది. అదే పెట్టాం.

దొంగ మొదట్నుంచీ హోరస్‌ని "మీరు" అంటాడు, స్వామీ అంటాడు, బుట్టలో వేసుకోవడానికి. హోరస్ వాడిని "మానవా" అంటాడు. "నువ్వు" ఎక్కడ రావాలి? మొదట ఫైటులో పెట్టాను, ఎవరికీ వినపడలేదు, చప్పుడులో కొట్టుకుపోయింది. తర్వాత ఒక నిశ్శబ్దమైన చోటికి జరిపాను. తన మనిషి గురించి హోరస్ అబద్ధం చెప్పాడని దొంగకి తెలిసే చోటు. "మీకు తెలుసు" అని మొదలుపెట్టి, ఆగి, "నీకు ముందే తెలుసు" అంటాడు. ఇంగ్లీషులో ఒకే లైను రెండుసార్లు అంటాడంతే. తెలుగులో ఆ రెండింటి మధ్య దేవుడు మనిషి స్థాయికి దిగిపోయాడు. ఆర్టిస్టు ఆ "నీకు" దగ్గర గొంతు తగ్గించాడు, నేను చెప్పలేదు.

ఆఖరి లైనులో హోరస్ దొంగని స్నేహితుడా అని పిలవాలి. డబ్బింగ్ సినిమాల్లో దానికి "మిత్రమా" అని ఒక మాట స్థిరపడిపోయింది, బయట ఎవ్వరూ అనరు. అది వద్దని మొదటి రోజే గోడకి రాసి అంటించాను, కానీ బదులు ఏమిటో చివరి సెషన్ దాకా దొరకలేదు. "నేస్తం" పెట్టి చూశాం, చిన్నపిల్లల కథలా ఉంది. హోరస్‌కి గొంతు ఇస్తున్నాయన సీనియర్, చాలా పౌరాణికాలకి చెప్పిన మనిషి. హెడ్‌ఫోన్ తీసి, "ఏమ్మా, మొదటి రీల్లో ఒసిరిస్ సేత్‌ని ఏమని పిలుస్తాడు?" అనడిగారు.

మొదటి రీల్లో పట్టాభిషేకం రోజు ఒసిరిస్ చేతులు చాచి "రా తమ్ముడూ" అంటాడు. సేత్ దగ్గరికి వచ్చి కౌగిలించుకుని కత్తి దింపుతాడు. ఆ "రా" నేను ఉంచుకున్నాను, సూర్యదేవుడి పేరు ఆ సీనులో ఎక్కడా లేకుండా చూసుకుని మరీ.

సౌండ్ ఇంజనీర్ లూప్ వెనక్కి తిప్పాడు. పెదవులు చూశాం, మధ్యలో ఒకసారి కలుస్తాయి, "మ్మ" సరిపోతుంది. ఆయన నీళ్ళు తాగి, మైకు ముందు చేతులు కొంచెం చాచి నిలబడి, తండ్రిని చంపిన వరస పేరుతో ఆ దొంగ కుర్రాడిని పిలిచారు. "రా తమ్ముడూ."

రెండో టేక్ అడగలేదు.